మొదలు మందు, తర్వాత కత్తి: తొర్రూరు నుంచి వరంగల్

ఆపరేషన్ చేస్తారట! మా బాపు కడుపులో క్యాన్సర్ గడ్డ చిన్నదైంది, కాలేయానికి పాకలేదు, ఇక కోసి తీసెయ్యొచ్చని డాక్టరమ్మ తన నోటితో చెప్పింది. మా వంశం మొత్తంలో డిగ్రీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. పాసైనట్టు మెసేజ్ వచ్చిన రోజు కూడా ఇంతలా గంతులేయలేదు. అయినా పళ్లు కొరుకుతూనే ఈ ప్రయాణం రాస్తున్నాను. ఎందుకో చెబుతా.

మూడు నెలల కింద వరంగల్‌లోని ఇదే దవాఖానలో, నోట్లోంచి గొట్టం వేసి కడుపులోంచి ముక్క తీసి పరీక్ష చేశాక, ఒక కుర్ర డాక్టర్ ఫైలు తిరగేసి "ఇప్పుడు ఆపరేషన్ లేదు, ముందు కీమో" అని వెళ్లిపోయాడు. బాపుకు "ఆపరేషన్ లేదు" ఒక్కటే వినిపించింది. మా వైపు కోస్తామంటే ఆశ ఉన్నట్టు, కోయడం లేదంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టు. ఆ సాయంత్రానికే ఊరు తీర్పు చెప్పేసింది.

పలకరింపులు మొదలయ్యాయి. పోయే మనిషికి ఇష్టమైనవన్నీ తినిపించాలట. తలా ఒక గిన్నె పట్టుకొచ్చారు. మేనత్త కొమురమ్మ నాటుకోడి కూర తెచ్చి, ఏడుస్తూ ముద్దలు పెట్టింది.

"తిను తమ్మీ, మల్ల తింటవో లేదో!"

రెండు ముద్దలకే కడుపు నిండే మనిషి, అందులోనూ కీమో ఎక్కించుకుని వచ్చిన మర్నాడు. తిన్నదంతా కక్కుతుంటే వీపు నిమిరింది నేను, అత్త కాదు. అత్త కొడుకు రాజు మరీ ఘోరం. "మామా, నువ్వు ఎట్లయినా నడపవ్ గద" అని మోపెడ్ తాళంచెవి అడిగాడు. బాపు ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి బాపు తాను బతకననే నమ్మాడు.

ఈ రోజు పొద్దున ఆరున్నరకు తొర్రూరు బస్టాండులో వరంగల్ బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్, బాపుకు మామూలు టికెట్. టిఫిన్ డబ్బాలో మెత్తటి ఇడ్లీ పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి, అక్కడ లైన్లో నిలబడితే మధ్యాహ్నం అవుతుంది.

కిటికీ పక్కన కూర్చుని బాపు అన్నాడు: "గీ ఒక్కసారి నీ కోసం వస్తాన బిడ్డా. ఇగ నన్ను తిప్పకు."

ఇక రానంటే రాడు. అంత మొండి మనిషి.

వర్ధన్నపేటలో ఒక పెద్దమ్మ ఎక్కి మా పక్కన సర్దుకుని కూర్చుంది. ఒళ్లోని స్కాన్ కవరు చూసి వివరం అడిగింది. చెప్పాను.

"అయ్యో! ముక్క తీసి పరీక్ష చేస్తే ఒళ్లంత పాకుతదంట గదనే?"

"ముక్క తియ్యకుంటే ఏ మందియ్యాల్నో ఎట్ల తెలుస్తది పెద్దమ్మా?" అని కసిరాను.

"నా మీద కోపమెందుకు బిడ్డా? డాక్టర్లు గిట్ల ఇడమర్చి చెప్పరాయె!"

ఆమె అన్నదీ నిజమే. కోపం మాత్రం ఇంకో మెట్టెక్కింది.

తొమ్మిది దాటాక దవాఖాన చేరాం. పన్నెండున్నరకు పిలిచారు. డాక్టరమ్మ పాత స్కాన్, కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టి వేలితో చూపించింది.

"గడ్డ కడుపు గోడ దాటేటట్టు ఉండె. అప్పుడే కోస్తే కొంత మిగిలిపోతుండె. అందుకే మందుతోని చిన్నగ చేసినం. ఇప్పుడు కోస్తం. కోలుకున్నంక మల్ల కొన్ని కీమోలు."

బాపు కుర్చీ ముందుకు జరిగాడు. "అంటే మీరు గప్పుడు చేతులెత్తెయ్యలే?"

"ఎవరన్నరు?"

"ఊరంత అన్నది మేడం. కోళ్లు గూడ కోసిన్రు."

ఆమె నవ్వేసింది. నేను నవ్వలేదు. "గీ ముచ్చట మొదటి రోజే చెప్తే అయిపోతుండె గద మేడం?"

ఆమె నవ్వు ఆగింది. "చెప్పాల్సి ఉండె," అంది. తర్వాత నిదానంగా అన్నీ చెప్పింది. నయమైపోయిందని కాదు. పెద్ద ఆపరేషన్. కడుపులో చాలా భాగం తీసేస్తారు, ఆ తర్వాత కొద్దికొద్దిగా ఎన్నోసార్లు తినాలి. గడ్డ మళ్లీ రాదని ఎవరూ రాసివ్వలేరు.

"చేయించుకుంట," అన్నాడు బాపు. ఆ మాట కోసమే నేను పొద్దుటి నుంచి ఊపిరి బిగబట్టుకున్నాను.

మూడు గంటల బస్సుకు తిరిగి బయల్దేరాం. బాపు మిగిలిన ఇడ్లీ తిన్నాడు. రాయపర్తి దాటాక ఉన్నట్టుండి గొణిగాడు: "రాజుగాడు బండి బ్రేకులు ఖరాబ్ చేసే ఉంటడు."

అప్పుడు నవ్వాను, కళ్ల నిండా నీళ్లతో. మీరెవరైనా ఈ దారిన వస్తే, "ముందు కీమో" అన్న మాటకు భయపడకండి. ఎందుకో అడగండి. చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి.

అమ్మకు చెప్పాను. ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు:

అక్క. ముందు ఏడుస్తుంది, తర్వాత మాట్లాడుతుంది.

కొమురమ్మ అత్త. ఈసారి గిన్నె తెస్తే గంజి తెమ్మని.

మా ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ డాక్టర్. జబ్బు బయటపడక ముందు, బాపుకు నల్లటి విరేచనాలవుతున్నా, రోజురోజుకూ చిక్కిపోతున్నా గ్యాస్ మాత్రలే ఇచ్చాడు. వద్దు, ఇతనికి ఫోన్ చాలదు. బస్సు దిగి నేరుగా వెళ్తాను.

రాజు. రేపు పొద్దుగల్లకు బండి మా వాకిట్లో ఉండాలి. ట్యాంకు నిండా పెట్రోలుతో.