రాతిపాదం మాస్టారి పట్టీ

ఆ పేటలో కరాటే మాస్టారిని అందరూ రాతిపాదం అనేవారు. ఆయన కాలు మోపితే గచ్చే కుయ్యోమంటుందని చెప్పుకునేవారు. సాధనంతా ఉత్తకాళ్ళతోనే. ఎవరైనా అరికాలు నొప్పి అన్నారా, ఆయనది ఒకటే మాట: "నొప్పి కాదది, పాదం గట్టిపడుతోంది. గెంతు."

అసలు గుట్టేమిటంటే, మాస్టారి పాదాలు ఇస్త్రీపెట్టె అడుగుకన్నా చదును. రోజూ గది గడియ పెట్టుకుని నొప్పి తెలియకుండా అరికాలి వంపు ఉండాల్సిన చోట చర్మం రంగు పట్టీ బిగించి, పైన నేల మీద జీరాడే ప్యాంటు తొడిగేవారు. కాలెత్తి తన్ని చూపించే పని సీనియర్లకు అప్పగించేవారు.

ఆయన కరాటే నేర్పే హాల్లో సొంత మేనకోడలు చేరింది. పాదాలు అచ్చు మేనమామవే. పోటీలు దగ్గరపడేసరికి, పొద్దున్నే మంచం దిగితే మడమలో మేకు దిగినట్టుండేది పిల్లకి. ఆ మాటే చెప్పుకుంది. "బాతుక్కూడా కరాటే కావాల్సొచ్చిందే" అన్నారాయన, అందరి ముందూ. హాలు గొల్లుమంది. పిల్ల మళ్ళీ నోరెత్తలేదు.

ఒక సాయంత్రం మాస్టారి అక్క పిల్లను చంకనేసుకుని హాలుకే వచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది.

"అరికాలంతా వాచిందిరా. నెలల తరబడి గెంతకూడదన్నాడు డాక్టరు. నీకు చెప్పలేదా ఇది?"

లేదనేస్తే పోయేది. ఆ మాట మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పిల్ల మాత్రం ఆయన్నే చూస్తోంది.

"చెప్పిందక్కా. నేనే నవ్వులాట చేశాను."

అక్కడే చతికిలబడి ప్యాంటు పైకి మడిచి, రెండు పాదాలూ చాపారు. పట్టీలు చూసి హాల్లో ఫ్యాను కూడా తిరగడం మానేసిందని, ఉన్నవాళ్ళు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు.

"నాకూ ఓ పట్టీ చుట్టుండొచ్చుగా మామయ్యా" అంది పిల్ల. గొంతులో కోపం కూడా లేదు.

"చుట్టడం నాకెలా వచ్చిందని అడుగుతారేమోనని భయపడ్డానమ్మా. నేనే రోజూ గడియ పెట్టుకుని చుట్టుకుంటున్నాను."

అక్క పిల్లను ఎత్తుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాటి నుంచి హాల్లో ముందు అరికాలి కింద బంతి దొర్లించాలి, కాలివేళ్ళతో తువ్వాలు లాగాలి, ఆ తర్వాతే గెంతులు. నొప్పన్నవాళ్ళు ఆ రోజుకి కూర్చోవాల్సిందే. మేనకోడలు లేకుండానే పోటీలు అయిపోయాయి. ముద్ద దిగక మాస్టారు సగమైపోయారు. చివరికి ఒక బంతి పట్టుకుని అక్క ఇంటికెళ్ళారు. పిల్ల కుంటుకుంటూ వచ్చి తలుపు తీసింది.

"రోజూ దొర్లించుకోమ్మా."

"మీరూ దొర్లిస్తున్నారా?"

"ఆఁ."

"గడియ పెట్టుకునా?"

"లేదు. హాల్లోనే, అందరితో పాటే."

పిల్ల కాసేపు ఆయన కాళ్ళకేసి చూసి, పక్కకు జరిగి దారిచ్చింది.