బావ చూపుడువేలు

మా అక్క భర్త, అంటే మా బావ, రాజమండ్రిలో ఒక రొయ్యల వ్యాపారి దగ్గర స్పోర్ట్స్ కారు నడిపేవారు. సర్వీసింగ్ అయినప్పుడల్లా పరీక్షగా ఓసారి నడిపి చూడాలంటూ నన్నూ ఎక్కించుకుని జంగారెడ్డిగూడెం రోడ్డు పట్టేవారు.

ఇంజన్ జోరందుకుంటుండగా ఆయన చూపుడువేలు లేచేది. "ఇప్పుడొస్తుంది, విను," అనేవారు. మరుక్షణం ఇంజన్ గొంతు మారేది, నా వీపు సీటుకి అతుక్కుపోయేది.

"ఏంటి బావా అది?"

"మెల్లగా తిరిగినంతసేపూ దానికి కాస్త గాలి చాలు. జోరు మీద చాలదు. అప్పుడు గాలిని లోపలికి వదిలే వాల్వులు ఇంకాస్త ఎక్కువగా, ఎక్కువసేపు తెరుచుకుంటాయి. ఆ గాలిదే ఈ బలం."

కారు ఎవరిదైనా, ఆ క్షణం మాత్రం బావదే.

తర్వాత ఏదో జ్వరం వచ్చి ఆయనకి చెవులు పూర్తిగా పోయాయి. ఉద్యోగమూ పోయింది. ఆయన ఇంట్లో మాటలు తగ్గించేశారు.

మొన్న వేసవిలో నా పాత కారులో ఆయన్ని కోరుకొండ తీసుకెళ్తూ, రోడ్డు ఖాళీగా ఉందని కాస్త స్పీడు పెంచాను. పక్కసీట్లో వేలు లేచింది. నా కారు ఇంజన్‌కి ఆ వాల్వుల ఏర్పాటే లేదు.

"వచ్చిందా?" అన్నారు, నా ముఖంలోకి చూస్తూ.

వచ్చిందన్నట్టు తలూపాను.

ఆయన మెల్లగా, తనంతట తానే, వీపు సీటుకి ఆనించుకున్నారు.