స్వరూప ఇంటర్వ్యూకు జహీరాబాద్ నుంచి

"శోభా, బుధవారం పన్నెండింటికి ఇంటర్వ్యూ ఉందే, సూపర్‌వైజర్ పోస్టుకు. ఇంగ్లీషులనే అడుగుతరట. జెర ముందుగాల వచ్చి మాట్లాడించవా?" అని స్వరూప ఫోన్ చేసింది. సెలవు పెట్టి బయలుదేరాను.

నా పెళ్లికి ముందు మేమిద్దరం ఇస్నాపూర్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేవాళ్లం. షిఫ్టు దిగి పటాన్‌చెరులో ఇంగ్లీషు క్లాసుకు వెళ్లేవాళ్లం. ముందు రావడం, ఆలస్యంగా రావడం గురించి ఇంగ్లీషులో ఉన్న పలుకుబడులంటే స్వరూపకు సరదా. కదిలే షిఫ్టు బస్సు ఎక్కితే, సరిగ్గా ఆఖరి క్షణంలో అందుకున్నామని "నిక్ ఆఫ్ టైమ్" అనేది. ఎప్పుడైనా ముందే చేరితే తనను తానే "ఎర్లీ బర్డ్" అని మెచ్చుకునేది. తరువాత నేను టీచరునై జహీరాబాద్ వెళ్లిపోయాను, స్వరూప ఆ ఫ్యాక్టరీలోనే ఉండిపోయింది. రెండు గంటల దారే. అయినా ఇన్నేళ్లలో కలిసింది రెండుసార్లు.

ఏడున్నర బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సదాశివపేట దాటాక టైరు పంక్చరైంది. స్టెప్నీ బిగించేసరికి తొమ్మిదిన్నర దాటింది. పక్కన కొత్తిమీర మూటతో కూర్చున్న పెద్దాయన నా పరేషానీ చూసి ఎక్కడికని అడిగాడు, చెప్పాను.

"పటాన్‌చెరు దాక పోకు బిడ్డా. ఇప్పుడు ఈ బస్సు ఇస్నాపూర్ల గుడ ఆపుతుండ్రు, ఆడ దిగి ఆటో ఎక్కు, జల్దీ పోతవ్."

ఆయన చెప్పినట్టే చేశాను. ఫ్యాక్టరీ గేటు చేరేసరికి పదకొండు కాలేదు. స్వరూప ఎదుటి టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉంది. కణతల దగ్గర జుట్టు నెరిసింది.

"అయిపోయిందే. పొద్దుగాలనే పిల్చిండ్రు."

"ఏమడిగిండ్రు?"

"గిన్నేండ్లకు ఎందుకు అప్లై చేసినవన్నడు మేనేజర్. ఎలెవెన్త్ అవర్ సార్ అన్న. అంటే లేట్ గాదు, ఆఖరి నిమిషమే గని టైముకే వచ్చిన అని ఇంగ్లీషులనే చెప్పిన."

"నవ్విండా?"

"నవ్వలే. మంచిగ విన్నడు."

ఆమె టిఫిన్ విప్పింది. జొన్నరొట్టె, వంకాయ కూర. సాయంత్రం దాకా ఉంటానన్నాను. "అయితే ఇంటికి పోదాం, మస్తు ముచ్చట్లున్నయి" అంది. రొట్టె సగంలో ఉండగా వాచ్‌మన్ వచ్చాడు.

"స్వరూపక్కా, పోస్టు నీకే వచ్చింది. ట్రైనింగు ఇయ్యాల్నే మొదలట, రమ్మంటుండ్రు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పోవాల్నానే?" అని అడిగింది.

"పో. గిదానికే గదా వచ్చిన."

గేటు దాటుతూ రెండుసార్లు వెనక్కి చూసింది. టిఫిన్ గిన్నెలు కడిగి వాచ్‌మన్‌కిచ్చి, ఆటోలో రోడ్డుకు వచ్చాను.

తిరుగు బస్సు ఇస్నాపూర్ దాటేటప్పుడు షిఫ్టు మారుతోంది. నీలం కోట్ల ఆడవాళ్లు గుంపుగా రోడ్డు దాటుతున్నారు. ఆమె లోపలే ఉందని తెలిసినా ఒక్కో ముఖం చూస్తూ కూర్చున్నాను. సంగారెడ్డి చౌరస్తా వచ్చాక గుర్తొచ్చింది, స్వరూప కూతురు ఏం చదువుతోందో కూడా అడగలేదని.