రెండు నిమిషాల గౌన్లు

బీరువా తలుపు తీయగానే ముందు డాంబర్ గోళీల వాసన, దాని వెనకనే ఒక్కసారి కూడా నీళ్ళు తగలని కొత్త బట్టల గంజివాసన ముఖానికి కొట్టాయి. నిజామాబాదులో మా ఇంటి వెనక గదికి మావాళ్ళు పెట్టిన పేరు బట్టల రూము. రెండు ఇనుప బీరువాలు, మంచం కింద నాలుగు ట్రంకుపెట్టెలు, సజ్జ మీద మూటలు, అవన్నీ నిండాక పాత బియ్యం డ్రమ్ము, అన్నిట్లోనూ బట్టలే. చీరలు కావు, కుట్టించినవీ కావు. కత్తెర ముట్టని వాయిలు, పాప్లిన్, శాటిన్, పూలవి, గీతలవి, చుక్కలవి, రెండు మీటర్లవి, రెండున్నర మీటర్లవి. పాతికేళ్ళుగా కొంటూనే ఉన్నాను. "ఇది ఇల్లా, బట్టల దుకాణమా?" అని అడగడం మా ఆయన మానేసి కూడా చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు వాటిని తీసేయక తప్పలేదు. మా అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. బోధన్‌లో తమ్ముడి దగ్గర ఉండే అవ్వకు మోకాళ్ళు పట్టేశాయి, తమ్ముడి ఇల్లేమో పై అంతస్తు. మా ఇంట్లో మెట్లెక్కే పని లేకుండా ఆమెకు ఇవ్వగలిగిన గది ఇదొక్కటే. అవ్వ వచ్చి మంచం మీద కూర్చుంది, మా అమ్మాయి దివ్య చున్నీ నడుముకు బిగించి పెట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగుతోంది, నేను తలుపు దగ్గర నిలబడి ప్రతి ముక్కకూ "అది ఉండనీ, అది ఉండనీ" అంటున్నాను. "మమ్మీ, నువ్వు గిట్లంటె అమ్మమ్మ బియ్యం డ్రమ్ముల పండాలె," అంది దివ్య. అవ్వ కిసుక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ గంజివాసన వస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది, ఆ మంట ఈ ఊరిది కాదు, బోధన్‌ది.

మాది చక్కెర ఫ్యాక్టరీకి దగ్గరి గల్లీ. చెరుకు ఆడడం మొదలైందంటే చలికాలమంతా ఊరు ఊరే పాకం వాసన వేసేది. ఎడపల్లి వైపు నుంచి చెరుకు బండ్లు బారులు తీరి వస్తుంటే మేము వెనక నుంచి నక్కి నక్కి పోయి గడలు గుంజుకొని, బండాయన చెర్నాకోల ఝళిపిస్తే పకపకా నవ్వుతూ పారిపోయి, గడప మీద కూర్చుని పళ్ళతో చీల్చి, మూతి చివర్లు కోసుకుపోయేదాకా నమిలేవాళ్ళం. పొగగొట్టం నుంచి నల్లటి నుసి రాలేది, ఆరేసిన బట్టల మీదా, ఎండబెట్టిన పసుపు కొమ్ముల మీదా, మా తలల మీదా. దాన్ని దులపకూడదు, ఊదాలి, చేయి పెడితే మరకే. అందుకే అవ్వ కుట్టే బట్ట ఏదీ పని పూర్తయ్యేదాకా మా గడప దాటేది కాదు.

మా నాన్న, అంటే బాపు, ఫ్యాక్టరీలో సీజన్ పనికి పోయేవాడు. గల్లీలో తక్కిన ఆడవాళ్ళంతా ఒళ్ళో చాటలు పెట్టుకొని బీడీలు చేస్తుంటే అవ్వ ఒక్కతే కిటికీ కింద కుట్టుమిషన్ తొక్కేది. ఆమె నోట్లో ఎప్పుడూ రెండు మూడు గుండుసూదులు ఉండేవి, చెవి మీద సుద్దముక్క ఉండేది, ఏదైనా అడగాలంటే ముందు ఆ సూదులు బయటికి వచ్చేదాకా ఆగాలి. ఆకలైనా అంతే, దెబ్బ తగిలినా అంతే.

ఫ్యాక్టరీ బంగళాల్లో ఉండే ఇంజనీరు సారు బిడ్డ పేరు స్వప్న. ఆ పిల్ల గౌన్లన్నీ అవ్వే కుట్టేది. వాళ్ళమ్మ ఆ పిల్లను మా గల్లీ బురదలోకి పంపేది కాదు. బంగళాలో పనిచేసే గంగవ్వ కొత్త బట్టనూ, కొలతకు ఒక పాత గౌనునూ తెచ్చేది. కొలతకు తెచ్చే ఆ పాత బట్టను ఆది అంటారు. ఒకసారి ఆ ఆది గౌనును అవ్వ నాకు తొడిగి చూసింది. అతికినట్టు సరిపోయింది. ఒకటే వయసు, ఒకటే ఎత్తు, ఒకటే భుజాలు. "ఇగ ఆది దేనికి గంగక్కా, మా పిల్లనే ఉన్నది గద," అంది అవ్వ. ఆ మాటతో నా ఖర్మ మొదలైంది. ఆనాటి నుంచి స్వప్న గౌన్లకు ఆదిని నేనే.

స్నానం చేసి, జడ పైకి ముడి వేసుకొని, చేతులు రెండుసార్లు కడుక్కొని పీట మీద నిలబడాలి. కొలత చూడడానికి పైపైన కచ్చ కుట్లు వేసిన గౌనును అవ్వ తిరగేసి తొడిగేది. దర్జీలందరూ పని సులువుకు అట్లాగే చేస్తారని తర్వాతెప్పుడో తెలిసింది కానీ, అవ్వ చెప్పే కారణం వేరు. "ఉల్టా తొడిగితె ఎంగిలి గాదు బిడ్డా. సీదా తొడిగితె నువ్వు ఇడిసిన బట్ట పరాయి పిల్లకు ఇచ్చినట్టయితది." అట్లా పూలన్నీ నా ఒంటికి, దారాలన్నీ లోకానికి. అద్దంలోకి తొంగి చూస్తే వెలిసినట్టున్న రంగూ, పీచులు లేచిన అంచులూ కనబడేవి. కదిలితే సూదులు గుచ్చుకుంటాయి, చెమట పడితే తిట్లు పడతాయి. "ఊపిరి బిగవట్టకు, ఇడువు," అంటూ నడుము చుట్టూ సూదులు పెట్టేది. రెండు నిమిషాలు, అంతే. ఆ వెంటనే తలమీదుగా లాగేసి మడత పెట్టేది.

స్వప్న అంటే నాకు ఎంత కుళ్ళో చెబితే నన్ను మనిషిగా చూడరేమో. ఆ పిల్లతో నేను నాలుగు మాటలు మాట్లాడింది లేదు. బడికి పోయే జీపులోంచి బయటికి చాపిన ఒక చేయి, ఆ చేతికి నేను ముందు తొడుక్కున్న బుట్టచేయి, నాకు తెలిసిన స్వప్న అంతే. ఆమెకు జ్వరమని గంగవ్వ చెప్పిన రోజు నాకు రెండు ముద్దలు ఎక్కువ దిగేవి. తగ్గిందని చెబితే ముఖం మాడ్చుకునేదాన్ని. కచ్చకాయలు ఆడేటప్పుడు గింజ ఎగరేసి, పడకుండా పట్టుకుంటే స్వప్న గౌను చినుగుతుందని మొక్కుకునేదాన్ని. ఎన్నిసార్లు పట్టుకున్నా ఒక్కటీ చినగలేదు. మా అవ్వ కుట్టు చినుగుతుందా! నాకేమో ఏళ్ళ తరబడి ఒకటే లంగా, పెరిగే పిల్లని పొడుగ్గా కుట్టి అంచు లోపలికి మడిచి, ఏటేటా ఆ మడత విప్పితే కింద ముదురు గీతలు పడి, నేను ఎన్నేళ్ళుగా దాన్నే కడుతున్నానో గల్లీకంతా చెప్పే లంగా.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు, బతుకమ్మ పండుగ రోజుల్లో గంగవ్వ ఒక బట్ట తెచ్చింది. చిలకపచ్చ వాయిలు, దాని నిండా ఆవగింజంత తెల్లచుక్కలు. ఇంటింటా నువ్వులూ పల్లీలూ వేయించి దంచే వాసన, సత్తుపిండి రోట్లో పడే చప్పుడు, మలీద ముద్దల కోసం రొట్టెలను బెల్లంతో నలిపే చేతులు, తంగేడు పూలకు తెల్లవారకముందే చెలకల వెంట పరిగెత్తే పిల్లలు. నేను మాత్రం ఆ బట్ట దగ్గరి నుంచి కదల్లేదు.

"అవ్వా, నాకు గిదే కావాలె."

"గది మనది గాదు."

"గొంచెం మిగుల్తది గద?"

"మిగిలేది మిగుల్తది. నువ్వు నోరు మూసుకొని నిలవడు."

పీట మీద నిలబడ్డప్పుడు నాకు ఆ బుద్ధి పుట్టింది. గౌను బిర్రుగా ఉంటే స్వప్నకు పట్టదు. పట్టకపోతే వెనక్కి వస్తుంది. వెనక్కి వస్తే మా ఇంట్లో తొడుక్కునేది నేనే. నాకూ బిర్రుగానే ఉంటుందని తట్టలేదు. తట్టినా సరే, బతుకంతా పొట్ట లోపలికి గుంజుకొని తిరగడానికి నేను సిద్ధమే. ఊపిరి బిగబట్టి పొట్టను వెన్నుకు అంటించాను. అవ్వ ఒక్కో సూదినీ లోపలికి జరుపుతూ "ఏం పిల్లవే, గీ పది రోజులల్లనే గింత సన్నవడ్డవ్?" అంది. ఆది తెప్పించి సరిచూసుకోవాలని ఆమెకు తోచలేదు, నన్నే నమ్మింది. ఆ పూట నా కంచంలో నెయ్యి రెండు చెంచాలు ఎక్కువ పడింది. సిగ్గు లేకుండా కంచం నాకి మరీ తిన్నాను.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే గంగవ్వ గౌను పట్టుకొని వచ్చింది. "నడుముకాడ పడ్తనే లేదు. పిల్ల ఒక్కటే ఏడుసుడు. పొద్దుమీకెవరకు కావాలెనంటున్నది అమ్మగారు." నా గుండె గంతులేసింది. అవ్వ గౌనును తిరగేసి నడుము దగ్గర జానతో కొలిచింది. తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు నా పొట్ట దగ్గరికి వచ్చి ఆగింది. వీపు మీద ఒక్కటి వేసి ఉంటే బాగుండేది.

కుట్టు లోపల రెండు వేళ్ళ బట్ట వదలడం అవ్వ అలవాటు, అది మొత్తం విప్పినా చాలలేదు. అవ్వ పెట్టె తీసి, అడుగు నుంచి అదే పచ్చ బట్ట ముక్కలు కొన్ని తీసింది. వాటిని కోసి రెండు పక్కలా పట్టీలు వేసి, కింది కుచ్చులు విప్పి మళ్ళీ పట్టి, అన్నం ముట్టకుండా కుట్టింది. గల్లీ అంతా పూలు పేర్చుకుంటుంటే మా గునుగు పూలు గంపలోనే వాడుతున్నాయి. చివరికి పక్కింటి లక్ష్మి వాళ్ళమ్మ వచ్చి మా బతుకమ్మను కూడా పేర్చింది.

సాయంత్రం మైదానంలో స్వప్న జీపు దిగింది. ఆ బట్ట బయటివైపు వెలుతురులో ఎట్లా ఉంటుందో అప్పుడే చూశాను. చుక్కలు మిలమిలమంటున్నాయి. పక్కల పట్టీలు వేశారని ఎవరూ కనిపెట్టలేరు. అంచు విప్పిన పాత లంగాలో నేను ఆడవాళ్ళ మధ్య చప్పట్లు తప్పుతూ తిరిగాను, ఆ పూట సత్తుపిండి నోట్లో ఇసుకలా తిరిగింది.

పండుగైన పదిహేను రోజులకు గంగవ్వ ఇంకో బట్ట తెచ్చింది. నేను ఎవరూ చెప్పకుండానే స్నానం చేసి వచ్చి పీట పక్కన నిలబడ్డాను. అవ్వ నన్ను దాటుకొని వాకిట్లోకి పోయి, "లక్ష్మీ, జర ఇటురా బిడ్డా," అని పిలిచింది. నా ఈడుదే, నా ఎత్తుదే లక్ష్మి పీటెక్కింది. దానికి తిరగేసి తొడిగింది, దాని నడుము చుట్టూ సూదులు పెట్టింది, దానితో "ఊపిరి ఇడువు" అంది. నాకు రెండు నిమిషాలు కూడా లేకుండా పోయాయి. స్వప్న మీద కుళ్ళు ఒక ఎత్తు, లక్ష్మి మీద కుళ్ళు ఒక ఎత్తు. స్వప్నకు దొరికింది బట్టే, లక్ష్మికి మా అవ్వ చేతులు దొరికాయి. మళ్ళీ ఎప్పుడూ అవ్వ నన్ను ఆ పీట ఎక్కించలేదు.

టీచర్ ఉద్యోగం వచ్చి నిజామాబాదులో కాపురం పెట్టాక, నెల నెలా బజారుకు పోవడం మొదలుపెట్టాను. మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ళ నుంచి పెళ్ళి బట్టలకు వచ్చిన ఆడవాళ్ళు మరాఠీలో బేరమాడుతూ ఏ తాను మీద చేయి వేస్తే నా కన్ను దాని మీదే పడేది. వాళ్ళు వదిలేస్తే నాకూ వద్దు. కోయించుకుంటే మాత్రం, "నాకూ రెండు మీటర్లు" అనకుండా ఉండలేకపోయేదాన్ని. ఒకటి రెండుసార్లు దర్జీ దాకా పోయాను. టేపు పట్టుకొని మనిషి ముందుకు రాగానే ఒళ్ళు బిగుసుకుపోయేది, ఇంకోసారి వస్తానని చెప్పి బట్ట చంకలో పెట్టుకొని వచ్చేసేదాన్ని.

దివ్య బట్టలను రంగుల వారీగా కుప్పలు పోసింది. ఎడపల్లిలో కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లలకు ఇవ్వాలని మాట. ఇంకా పేరైనా తెలియని ఆ పిల్లల మీద నాకు అప్పటికే ఒంటికి కారం రాసుకున్నట్టుంది. అన్నిటికన్నా ఎత్తు కుప్ప పచ్చది. దివ్య దాన్ని విప్పి వరసగా పరిచి నా ముఖం చూసింది.

"మమ్మీ, ఒక్క తీరువే పదకొండు కొన్నవేంది?"

చిలకపచ్చ, తెల్లచుక్కలు. పదకొండూ అవే. ఒక్కో ఏడు ఒక్కోటి కొని ఒక్కో పెట్టెలో పెట్టానేమో, నాకే తెలియదు. అవ్వ చేయి చాపి ఒక ముక్క అందుకొని వేళ్ళ మధ్య నలిపింది.

"గప్పటిది గింతకన్న మెత్తగుండె," అంది.

"నీకు యాదికున్నదా అవ్వా?"

"ఎందుకుండది? మిగిలింది నీ బిడ్డకు కుట్టుకొమ్మన్నది అమ్మగారు. నీ గౌను కోసి పెట్టిన. సద్దులనాడు తొడుగుదామని నీకు జెప్పలె. నువ్వేమొ కడుపు లోపట్కి గుంజుకుంటివి. నీ గౌను ముక్కలే గాపిల్ల గౌనుకు పక్కలకేసిన."

"గప్పుడే ఎందుకు చెప్పలె?"

"పండుగపూట ఏడుస్తవని."

నేను మంచం కోడు పట్టుకొని నిలబడ్డాను. ఇన్నేళ్ళూ నేను ఏడ్చింది నా గౌనును చూసే. జీపు దిగిన ఆ పిల్ల నడుముకు రెండు పక్కలా ఉన్నది నాదే. ఎవరి మీద కోపం చూపించాలో తెలియలేదు. చివరికి స్వప్న మీదే వచ్చింది, ఎంతైనా అలవాటు కదా. రెండు గౌన్ల బట్ట ఒక్కతే తొడుక్కుంది!

ఇప్పుడు బోధన్‌లో ఫ్యాక్టరీ కూత లేదు, పాకం వాసన లేదు, బట్టలు ఎక్కడ ఆరేసినా నుసి పడదు. బంగళాల్లో ఉన్నవాళ్ళు ఎటు పోయారో చెప్పేందుకు గంగవ్వ లేదు. మిషన్‌ను తమ్ముడు పాత సామాన్లవాడికి వేశాడు. అవ్వ కళ్ళకు సూదిబెజ్జం ఆనదు.

దివ్య ఆ పదకొండింటిలోంచి ఒకటి లాగి భుజం మీద వేసుకొని, "అమ్మమ్మా, నాకెట్లున్నది?" అని అవ్వ ముందు నిలబడింది. అవ్వ దాని నడుముకు జాన పెట్టబోయింది. నాకు లోపల భగ్గుమంది. కన్నబిడ్డ మీద కుళ్ళు పుడుతుందా అంటే, పుడుతుంది, నాకు పుట్టింది.

"అది నాది," అన్నాను, యాభైకి దగ్గరపడ్డ మనిషిని, నాలుగో తరగతి గొంతుతో.

దివ్య నోరు తెరిచింది. అవ్వ మాత్రం దాని భుజం మీది బట్ట తీసుకొని, "నువ్వు గిట్ల రా," అని నన్ను పిలిచింది. మంచం అంచున కూర్చున్న ఆమె ముందు నిలబడ్డాను. బట్టను నా నడుము చుట్టూ చుట్టింది, సీదాగా, చుక్కలు బయటికి వచ్చేలా. జాన మీద జాన పెడుతుంటే నాకు తెలియకుండానే పొట్ట లోపలికి పోయింది. అవ్వ చేయి ఆగింది.

"ఊపిరి ఇడువు బిడ్డా," అంది. "గీసారి నీకే."