నాన్న నోటికి రాని డైలాగు

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా మా నర్సీపట్నంలో కొందరు కుర్రాళ్లు కలిసి ఒక సినిమా తీశారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నిర్మాతంటూ ఎవరూ లేరు. పెళ్లి వీడియోలు తీసే అబ్బాయి ఒకతను కథ రాసుకుని, ముహూర్తాలు లేని రోజుల్లో అదే కెమెరాతో షూటింగు పెట్టేవాడు. మా చర్చిలో కీబోర్డు వాయించేదీ అతనే. అందుకే నన్ను హీరోయిన్‌గా అడిగితే అమ్మ కాదనలేదు.

కథలో అమ్మాయి ప్రేమిస్తుంది, తండ్రి ఒప్పుకోడు. తీరా ఆ తండ్రి తను వయసులో ఉండగా చేసిన పని ఒకటి బయటపడుతుంది. తండ్రి వేషం వెయ్యాల్సిన మాస్టారు తన సీను తీసే రోజు రాలేదు. షూటింగు మా ముందు గదిలోనే కాబట్టి, బస్సు కండక్టరుగా పనిచేసే మా నాన్నను నిలబెట్టేశారు.

నాన్న నాతో అనాల్సింది ఒక్క మాట: “ప్రేమ పెళ్లిళ్లు మన ఇంటా వంటా లేవు.”

నాన్న గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాడు, సగంలో ఆగిపోయేవాడు. మరిచిపోతున్నాడనుకుని అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి నా వెనక పట్టుకున్నారు. అది చూస్తూ కూడా అనలేకపోయాడు. చివరికి నవ్వొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

అమ్మ టీ గ్లాసులతో వచ్చి, “ఆయన సేత ఆ మాట ఎలా అనిపిస్తావు బాబూ? నాకోసం ఇల్లొదిలేసొచ్చిన మనిషి” అంది.

తమ సంబంధం పాస్టరుగారు కుదిర్చారనీ, నాన్నకు నా అన్నవాళ్లు లేరనీ మాకు చిన్నప్పటినుంచీ చెప్పారు. అమ్మ అక్కడే కూర్చుని అసలు సంగతి చెప్పింది. నాన్నది మాకవరపాలెంలో చెరకు పండించే ఇల్లు. వాళ్లమ్మకు జ్వరమొస్తే ఆసుపత్రిలో చేర్చి, అక్కడ నర్సుగా ఉన్న అమ్మను చూశాడు. చర్చిలో పెళ్లి చేసుకున్నాక తాతయ్య గుమ్మం తొక్కనివ్వలేదు. ఏటా మాకు జీడిపప్పు తెచ్చే మామయ్య అసలు మామయ్యే కాదు, నాన్నకు సొంత అన్న. తాతయ్యకు తెలియకుండా వచ్చి వెళ్లేవాడు.

ఇన్నాళ్లూ ఎందుకు దాచారని నాన్నను అడిగాను.

“మీ తాత ఉన్నన్నాళ్లూ అన్నయ్యకి మాటొస్తాదని భయం. తరవాత ఎలా మొదలెట్టాలో తెలీలేదు” అన్నాడు. నా వైపు తిరిగి, “నీకూ అలాటిదేటైనా ఉంటే దాసుకోకమ్మా. సెప్పీ” అన్నాడు.

నేను తల దించుకున్నాను. కెమెరా అబ్బాయి స్టాండు బిగిస్తున్నట్టు వంగిపోయాడు. అమ్మ అతన్ని చూసి, నన్ను చూసి, టీ చల్లారిపోతోంది తాగమంది. ఆ వారంలోనే అమ్మకు మా ఇద్దరి సంగతీ చెప్పేశాను. ఆమె ముందే అనుకుందట.

అతను ఆ డైలాగు తీసేసి, “కూర్చోమ్మా, నీకో సంగతి చెప్పాలి” అని రాశాడు. అది నాన్న ఒక్కసారికే చెప్పాడు.

సినిమా ఒక ఆదివారం మధ్యాహ్నం లోకల్ కేబుల్లో వేశారు. నాన్న కబురు పెడితే పెదనాన్న పెద్దమ్మను కూడా తీసుకొచ్చాడు. ఆవిడ మా ఇంటికి రావడం అదే మొదలు. మాటలు సగం వినపడకపోయినా, నాన్న తెర మీదికి వచ్చినప్పుడల్లా “మా మరిదే” అని పక్కింటివాళ్లకు చూపించింది.

మరుసటి ఏడు చర్చిలో మా పెళ్లయింది. పెదనాన్న, పెద్దమ్మ ముందు బెంచీలో కూర్చున్నారు. పెద్దమ్మకు మా పాటలు రావు. అయినా అమ్మ చేతిలోని పాటల పుస్తకాన్ని రెండో పక్క తనూ పట్టుకుని, పాట అయ్యేదాకా నిలబడింది.