కువైట్ పొగ కమ్మిన శుక్రవారం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యం చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, ఎందుకంటే ఇందులో దేవుడు నన్ను బాగుచేసిన సంగతితో పాటు నావల్ల ఒక మనిషి చెడిపోయిన సంగతి కూడా ఉంది.

నాది నరసాపురం దగ్గర పల్లె. నా భార్య సుగుణ సౌదీలోని దమ్మాంలో ఆసుపత్రి నర్సు, నేను ఖోబర్ దగ్గర అమెరికన్ ఇంజనీర్లు ఉండే కాంపౌండులో ఏసీ మెకానిక్కుని. ఆ గోడల లోపల వాళ్లకొక బేస్‌బాల్ మైదానం ఉండేది. మన క్రికెట్‌కి దూరపు చుట్టం అనుకోండి, ఒకడు బంతి విసురుతాడు, ఒకడు కొడతాడు, కొట్టేవాడి వెనక ఒకడు పట్టుకుంటాడు, ఆ పట్టేవాడి వీపు వెనక వంగి నిలబడి ప్రతి బంతికీ తీర్పు చెప్పేవాడు అంపైరు. కువైట్ కోసం యుద్ధం వస్తుందని తెలిసి వాళ్ల అంపైరు తన దేశం వెళ్లిపోతే, మైదానం పనులు చూస్తూ నియమాలన్నీ నేర్చుకున్న నన్ను జీతమిచ్చి ఆ చోట నిలబెట్టారు. వారమంతా ఏసీ చల్లబడటం లేదని నన్ను కసిరే దొరలు, సెలవురోజు శుక్రవారం నేను ఔటని చెయ్యెత్తితే తల దించుకుని మైదానం దిగిపోయేవాళ్లు. ఆ గర్వం నా నెత్తికెక్కింది.

ఆ పని చూసినంత సులువు కాదు. గంటల తరబడి వంగి నిలబడితే మోకాళ్లు అరిగిపోతాయి, బ్యాటు అంచుకు తగిలిన బంతి వచ్చి భుజం మీదో దవడ మీదో పడుతుంది, ముఖానికి పెట్టుకున్న ఇనుప జాలీ ఎండకు కాలిపోతుంది. యుద్ధం ఆగిన కొత్తలో ఒక బంతి ఆ జాలీకి ఎంత గట్టిగా తగిలిందంటే రెండు రోజులు తల దిమ్మెక్కి ఉండిపోయింది, మూడో రోజు నుంచి ఎడమ కంటి ముందు మసక తెర దిగడం మొదలైంది. ఇంట్లో నర్సుని పెట్టుకుని ఆ మాట చెప్పలేదు నేను. చెబితే డాక్టరు దగ్గరకు లాక్కెళ్తుంది, డాక్టరు ఆట మానమంటాడు, కన్ను కనబడని అంపైరుని ఎవరు పెట్టుకుంటారు? "తండ్రీ, శుక్రవారం దాకా ఈ కన్ను నిలబెట్టు" అని మాత్రం ప్రార్థించేవాణ్ణి. బాగుచెయ్యమని అడగడానికి కూడా నాకు తోచలేదు.

అప్పుడు కువైట్‌లో నూనె బావులు తగలబడుతున్నాయి, గాలి మావైపు తిరిగిన రోజున పొగ కమ్మి మిట్టమధ్యాహ్నమే పొద్దుగూకినట్టయ్యేది. అలాంటి ఒక శుక్రవారం ఆట మధ్యలో నా కంటికి బంతి ఆనడం మానేసింది. మసక రెండో కంటికీ దిగింది, చూపు పూర్తిగా పోతోంది, ఎవరూ కనిపెట్టకూడదు అనుకున్నానే గాని తలెత్తి ఆకాశం చూడలేదు సహోదరులారా. వెలుతురు చాలదని ఆట ఆపవలసింది అంపైరే, ఆటగాడు అడిగితే పిరికివాడని నవ్వుతారు గనుక ఎవరూ అడగరు. ఆ రోజు బంతి విసురుతున్నది డానీ అని ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియను. బంతి చేతిలో పట్టుకుని ఒకసారి నావైపు చూశాడు. నేను "ప్లే" అని అరిచాను. అతను విసిరాడు, అవతలివాడు కొట్టిన బంతి తిన్నగా అతని ముఖం మీదికే వెళ్లింది, అది వస్తున్నట్టు కనబడక అతను చెయ్యైనా అడ్డం పెట్టుకోలేదు.

అతని కుడి కన్ను పోయింది.

అతన్ని మోసుకెళ్తుంటే తలెత్తి చూశాక గాని ఆకాశమంతా పొగ కమ్మిందని నాకు తెలియలేదు. అయినా ఆట నడిపే కమిటీవాళ్లు అడిగితే వెలుతురు సరిపోయిందని చెప్పాను. అంపైరు చెప్పాక ఇంకో మాట లేదు, అది వాళ్ల పద్ధతి. మూడు వారాలు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. అక్కడ మన ఆరాధనకు అనుమతి లేదు గనుక మేము నాలుగైదు కుటుంబాలవాళ్లం ఒకరింట్లో కూడి గొంతు తగ్గించి పాడుకుని ప్రార్థన చేసుకునేవాళ్లం. ఒకసారి సుగుణ, తన వార్డులోనే పడుకుని ఉన్న డానీ కోసం నన్ను ప్రార్థన చెయ్యమంది. మోకాళ్లూని డానీ పేరెత్తి మొదలుపెట్టాను. అంతలోనే, "ప్రభువా, ఆ రోజు నాకు కనబడలేదు, కనబడలేదని నేను చెప్పలేదు" అని అందరి ముందూ ఏడ్చేశాను.

ఇంటికొచ్చాక సుగుణ ఒక్కటే అడిగింది. "రోజూ ఎంతమంది కళ్లకి కట్లు కడతానండీ నేను, మీ కన్ను నాకు చూపించడానికి నామోషీ అయ్యిందా?"

మర్నాడే తీసుకెళ్లింది. కంటి లోపలి పొర చిరిగిందన్నారు, ఆపరేషన్ చేశారు, నా చూపు నిలిచింది, దేవునికే మహిమ.

కంటికి కట్టుతోనే డానీ మంచం దగ్గరకు వెళ్లి అంతా చెప్పాను. పొగ కమ్మిందని నీకు తెలుసా అని అడిగాను.

"అందరికీ తెలుసు సార్. మీకు తెలియదని మేమెవరమూ అనుకోలేదు" అన్నాడు.

తర్వాత నా చెయ్యి పట్టుకుని తన భాషలో ప్రార్థన చేశాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని అందులో శామ్యూలు అని నా పేరు రెండుసార్లు వినబడింది. ఆ చేతిని వదిలి తిన్నగా కమిటీ దగ్గరకు వెళ్లి నిజం చెప్పాను, వాళ్లు అంపైరు పని తీసేశారు, నేను మళ్లీ ఏసీల దగ్గరకు పోయాను. డానీ పాస్‌పోర్టులో తిరిగి రాని ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని వాళ్ల దేశం వెళ్లిపోయాడు.

నాకు చూపునిచ్చిన దేవుడు అతనికెందుకు ఇవ్వలేదో నాకు తెలియదు, అడిగే ముఖం కూడా నాకు లేదు. నన్ను మాత్రం ఆ అబద్ధంలోంచి చెయ్యి పట్టి బయటికి లాగాడు, అందుకు బతికినన్నాళ్లూ ఆయనకు స్తోత్రం చెల్లిస్తాను. మీలో ఎవరికైనా కళ్ల ముందు మసక కమ్మితే, అది ఒంటి జబ్బైనా సరే, లోపలి పాపమైనా సరే, దయచేసి దాచుకోకండి, ఆయన్ని నమ్మి పక్కవాళ్లతో నోరు విప్పండి. మీకు కూడా చీకటిగా ఉందా అని ఆ శుక్రవారం నేను ఒక్క మాట అడిగి ఉంటే, డానీ రెండు కళ్లతో ఇంటికి వెళ్లేవాడు.