నల్లగీతల కింద పేరు

ఇతరుల జీవితాలు తవ్వడం నా ఉద్యోగం. మాదాపూర్‌లో అద్దాల మేడ, ఏడో అంతస్తు. కొత్తగా ఉద్యోగంలో చేరబోయేవాళ్ల చదువు, పాత కంపెనీ, చిరునామా, క్రెడిట్ రిపోర్టు, అన్నీ సరిచూసి ఫైలు మూస్తాం. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మా మేనేజరు ఆ ఫైలు మొహాన కొడతాడు. ఇన్నేళ్లలో ఆ జబ్బు నాకూ బాగా పట్టింది.

అన్న జీడిమెట్లలో ఓ మందుల కంపెనీలో ఆపరేటరు. రియాక్టరు పేలి చనిపోయాడు. ఆ షిఫ్టులో ఉన్నది ఇద్దరే. రెండో ఆపరేటరు కాలిన చేతులతో బతికాడు. వాల్వు తెరిచింది అన్నే, తప్పు ఆయనదేనని కంపెనీవాళ్లు తేల్చేశారు. వదిన పరిహారం సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. "పిల్లలు రేపు అడిగితే మీ నాయిన తప్పు చేసి సచ్చిండని చెప్పాల్నా తమ్మీ? జర నిజమేందో కనుక్కో" అంది. ఆమె అడిగింది అంతే.

ప్రమాదం మీద ప్రభుత్వ తనిఖీ నివేదిక ఉంటుంది కదా, సమాచార హక్కు కింద అడుగుదామన్నాను. దరఖాస్తు నేనే రాశాను. రాయడమా అది! అన్న పేరు, పుట్టిన తేదీ, ఆధార్, పాన్, పీఎఫ్ నంబరు, మరణ ధ్రువపత్రం, ఫోటో. ఆఫీసు ఫైలు నింపినట్టే నింపి పారేశాను. నెల తర్వాత జవాబొచ్చింది: మీరు కోరినది ఒక వ్యక్తి వ్యక్తిగత సమాచారం, ఇవ్వడం కుదరదు. ఆ కార్యాలయానికి వెళితే గుమాస్తా నా కాగితాల కట్ట చూసి నవ్వాడు. "గిదంత ఎవరు పెట్టమన్నరు సార్? ఫలానా తారీఖు, ఫలానా ఫ్యాక్టరీ, తనిఖీ రిపోర్టు కావాలె అని ఒక్క లైన్ రాస్తే అయిపోతుండె గద!" సిగ్గుతో చచ్చిపోయాను.

ఒక్క లైనే రాశాను. ఈసారి నివేదిక వచ్చింది. నాలుగు పేజీలు, పేర్లన్నీ నల్ల సిరాతో కొట్టేసి. రియాక్టరు ప్రెషర్ మీటరు పనిచేయడం లేదని ఒక ఆపరేటరు ముందురోజే చెప్పాడట. మరో ఆపరేటరు ఆ మాట పట్టించుకోకుండా వాల్వు తెరిచాడట. ఎవరు చెప్పారు, ఎవరు తెరిచారు? నిజాంపేటలోని కిరాయి ఇంట్లో వదిన ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకు పెట్టి చూసింది. బొటనవేలితో నల్లగీత పొడవు కొలిచింది. "మీ అన్న పేరు గింత పొడుగుంటదా?" అంది. రెండు గీతలూ ఒకే పొడవున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఆ రెండో ఆయన ఫోన్ ఎత్తుతలేడు. ఇంటికి తాళమేసి ఏడికో పోయిండు. మీ ఆఫీసుల దొరుకుతది గద?" అంది.

దొరుకుతుంది. అదే కదా దౌర్భాగ్యం. అన్న ఫోన్లో ఉన్న ఆయన పేరు, నంబరు మా ఆఫీసు సిస్టమ్‌లో కొట్టి, సమ్మతి ఉందా అన్నచోట ఆయన బదులు నేనే టిక్ పెట్టాను. క్షణంలో ఆ మనిషి బతుకంతా తెరమీదికొచ్చింది. కొత్త చిరునామా కోసం వెతుకుతుంటే నా కళ్లు ఇంటి అప్పు దగ్గర ఆగిపోయాయి. రెండేళ్లుగా వాయిదాలు కట్టలేక నానా తంటాలు పడుతున్నాడు. ప్రమాదం జరిగిన మరుసటి నెల, మొత్తం ఒకేసారి తీరిపోయింది.

ఎవరు కట్టారో అందులో ఉండదు. నేను అనుకుంటున్నట్టు కంపెనీయే కట్టి ఆయన నోరు మూయించింది కాకపోవచ్చు కూడా. కానీ ఆ తేదీ మళ్లీ మళ్లీ చూశాను. అయితే ఎవరికి చెప్పను? నీకెలా తెలిసిందని ముందు నన్నే నిలదీస్తారు. ఎవరు ఏ రిపోర్టు తెరిచారో మా సిస్టమ్ రాసిపెట్టుకుంటుంది. ఉద్యోగం ఊడుతుంది, కేసూ పడుతుంది. వదినకు చెబితే ఆమె ఊరుకోదు, నేరుగా కంపెనీ గేటు దగ్గరికి పోయి కూర్చుంటుంది. నేను పిరికివాణ్ణి, ఒప్పుకుంటున్నాను.

ఆదివారం వెళ్లాను. పిల్లలు ముందుగదిలో హోంవర్కు చేసుకుంటున్నారు. వదిన గడపలోనే అడిగింది.

"దొరికిందా తమ్మీ?"

"లేదు వదినా. మా దగ్గర ఏం లేదు."

ఆమె ముందుగదివైపు ఓసారి చూసింది. తర్వాత పిల్లలకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"ఇగ ఫికర్ చేయకు. నీకే ఏం దొరకలేదంటే, తప్పు మీ అన్నదే అయ్యుంటది."

నేను కాదనలేదు.